కొలువు విడిచిన రాయబారి

గత సంవత్సరము పై తరగతిలో రెండవ ప్రపంచయుద్ధ చరిత్ర చెప్పుచుండగా, వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "అయ్యా, రాజు చెడుదారి పట్టినప్పుడు రాయబారి యేమి చేయవలయును?" అని యడిగెను. నేను సమాధానము వెదకుకొనుచుండగానే గంట మ్రోగినది, పిల్లలు వెడలిపోయిరి. నిజము చెప్పవలయునన్న, గంట మ్రోగకున్నను ఆ దినమున నాయొద్ద తగిన సమాధానము లేదు. సంజయ రాయబారము మనమందర మెరిగినదే. ధృతరాష్ట్రుడు చెప్పుమన్న మాటలు న్యాయమైనవి కావని సంజయుడు ఎరుగును. ఎరిగియు వానిని మోసికొనిపోయి పాండవులకు వినిపించెను. తిరిగివచ్చి రాజును మందలించెను. కాని కొలువు మాత్రము విడువలేదు. విడిచినవా డెవడైన కలడా యని యోచింపగా హంగెరీ దేశస్థు డొకడు జ్ఞప్తికి వచ్చెను. ఆయన పేరు పెలేన్యి యానోష్. అందు పెలేన్యి యనునది ఇంటిపేరు. హంగెరీయులును మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పి పిమ్మట తమ పేరు చెప్పుదురు. అమెరికాలో మాత్రము ఆయనను జాన్ పెలేన్యి యనిరి.

ఆయన పనిని గ్రహించుటకు ముందుగా పటము తెరువుడు. యూరపు నడుమ డాన్యూబు నది ఉత్తరమునుండి దక్షిణమునకు తిరుగు చోట హంగెరీ యున్నది. 1918 వరకు ఈ దేశము ఆస్ట్రియాతో కూడి యొక మహాసామ్రాజ్యముగా నుండెను. మొదటి ప్రపంచయుద్ధములో ఓడిపోగా ఆ సామ్రాజ్యము ముక్కలయ్యెను. 1920 జూన్ 4వ తేదీన ఫ్రాన్సులోని త్రియనోను భవనమున వ్రాసికొన్న సంధిపత్రముచేత హంగెరీ తన పూర్వపు భూమిలో మూడింట రెండు వంతులకు పైగా పోగొట్టుకొనెను. ముప్పది లక్షలకు మించిన హంగెరీయులు రాత్రికి రాత్రి పరదేశ ప్రజలైరి. సముద్రతీరము పోయినది. రాజ్యమని పేరే గాని సింహాసనముపై రాజు లేడు. రాజప్రతినిధిగా హోర్తి మిక్లోష్ అను నౌకాసేనాని యుండెను. సముద్రము లేని దేశమునకు నౌకాసేనాని యేలిక! ఇది యెగతాళి కాదు, చరిత్ర. పోయిన భూమిని తిరిగి సంపాదింపవలెనన్న కోరిక ఆ దేశమునందలి పాఠశాలలలోను, దేవాలయములలోను, సంతలలోను ఇరువది సంవత్సరములు మండుచునే యుండెను. ఈ కోరికను మరచినచో తరువాతి కథ యేమియు బోధపడదు.

ఇక అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి గట్టున అమెరికా. ఈ రెండు దేశములకు సరిహద్దు లేదు, తగవును లేదు. స్నేహము మాత్రము పాతది. 1848లో హంగెరీ స్వాతంత్ర్యము కొరకు పోరాడి ఓడిన కోషూత్ లాయోష్ 1851 డిసెంబరులో న్యూయార్కునందు దిగినప్పుడు జనులు వేలకొలది వీధులలో నిలిచి జయజయధ్వానములు చేసిరి. అంతకు పూర్వము బుడా నగరపు చెరసాలలో నుండగా బైబిలును షేక్స్పియరు నాటకములను ముందుంచుకొని నేర్చిన యింగ్లీషుతో ఆయన అమెరికా యందంతట ఉపన్యసించెను. అమెరికా ప్రభుత్వము పూలమాలలు వేసినది గాని సైన్యము నియ్యలేదు. 1852 వేసవిలో ఆయన వట్టి చేతులతో తిరిగిపోయెను. ఆ తరువాతి కాలమున లక్షలకొలది హంగెరీ కూలీలును రైతులును ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రముల ఉక్కు కర్మాగారములకును బొగ్గు గనులకును వలసపోయిరి. క్లీవ్లండు పట్టణములో కొన్ని వీధులు హంగెరీ గ్రామములవలెనే యుండెడివి.

1919లో మరియొక సంగతి జరిగినది. రుమేనియా సైన్యము బుడాపెస్టును ఆక్రమించియుండెను. అక్టోబరు 5వ తేదీ రాత్రి ఆ సైనికులు లారీలతో జాతీయ వస్తుప్రదర్శనశాలకు వచ్చి అందలి నిధులను ఎక్కించుకొని పోజూచిరి. అమెరికా సేనాని బాండ్‌హోల్ట్జు చేతిలో గుఱ్ఱపు కొరడా తప్ప వేరాయుధము లేకయే వచ్చి వారిని వెడలగొట్టెను. పిదప తలుపులకు ముద్రలు వేయింపజూడగా తగిన రాజముద్ర చేతనుండలేదు. అమెరికా వారి ఉత్తరములను పరీక్షించి వేయు తపాలా ముద్రయే దొరికినది, దానినే వేయించెను. అది చాలినది! 1936లో బుడాపెస్టు స్వాతంత్ర్య చౌకమున ఆయన విగ్రహము నిలిపిరి. తరువాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వము దానిని తీసివేసినది. 1989లో తిరిగి పూర్వస్థానమున నిలిపిరి.

త్రియనోను సంధిని అమెరికా యంగీకరింపలేదు. 1921 ఆగష్టు 29వ తేదీన బుడాపెస్టులో హంగెరీతో ప్రత్యేకముగా సంధి చేసికొనెను. మరుసటి సంవత్సరము రెండు దేశములు పరస్పరము రాయబారులను పంపుకొనెను. ఆ దినములలో పెద్ద రాజ్యములకు మాత్రమే 'అంబాసడరు', వాని నివాసము 'ఎంబసీ'. చిన్న రాజ్యమునకు 'మినిస్టరు', వాని కచేరి 'లెగేషను'. విందులో కూర్చుండు వరుసకూడ వేరు. వాషింగ్టనులో హంగెరీ మొదటి మినిస్టరు సేచేన్యి లాస్లో ప్రభువు. ఆయన భార్య అమెరికాలో మిక్కిలి ధనికులని పేరొందిన వాండర్బిల్టు వంశములోని యాడపడుచు. కావున తలుపులు తెరచుకొనుటకు కష్టము లేకుండెను. 1924లో నానాజాతి సమితి హంగెరీకి అప్పు ఇప్పించి, ఆ ధనము సరిగా వ్యయమగునట్లు చూచుటకు బోస్టను న్యాయవాది జెరెమయా స్మిత్తును పంపెను. రెండు సంవత్సరములలో ఆయన ఆ దేశపు లెక్కలను చక్కదిద్ది, జీతము పుచ్చుకొనక వెడలిపోయెను. ఆ ధనముతో హంగెరీ విద్యార్థులు అమెరికాలో చదువుకొనుటకు వేతనము లేర్పరచిరి. హంగెరీయులు అమెరికాను నమ్ముటకు ఇట్టి మనుష్యులే కారణము.

పెలేన్యి 1885లో జన్మించెను. ఆయన వాండర్బిల్టుల అల్లుడు కాడు, పనివాడు. సేచేన్యి ప్రభువు కాలమున వాషింగ్టను లెగేషనులో పని చేసి, అటు పిమ్మట జెనీవాలో నానాజాతి సమితి యెదుట హంగెరీ పక్షమున నిలిచి, 1933లో మినిస్టరుగా తిరిగి వాషింగ్టను చేరెను. అప్పటికి రూజ్వెల్టు అధ్యక్షుడుగా నుండెను. విదేశాంగ కార్యదర్శి కార్డెల్ హల్. ఆ సంవత్సరమే జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను.

రాయబారి యనగా విందులు భుజించువాడని మనవారిలో చాలమంది తలంపు. విందులు లేకపోలేదు. కాని వాని నిజమైన పని రెండు చేతుల పని. ఒక చేత తన దేశపు మాటను ఆ దేశమునకు అందింపవలెను. రెండవ చేత ఆ దేశమునందలి నిజమును తన దేశమునకు అందింపవలెను. మొదటిది సులువు; పై వారు వ్రాసి పంపిన దానిని చదివి వినిపించిన చాలును. రెండవది కష్టము. ఏలయనగా స్వదేశములోని పెద్దలకు వినుటకు ఇంపైన దానినే వ్రాయువానికి పదోన్నతి, ఇంపు కాని దానిని వ్రాయువానికి కనుచూపు మేర కూడ లేకుండ బదిలీ. పెలేన్యి రెండవ చేతిని దాచుకొనలేదు. అమెరికా ఎల్లకాలము దూరముగా నుండదనియు, హిట్లరు పక్షమున చేరిన దేశముపై అమెరికా ప్రజల కున్న గౌరవము నశించుననియు ఆయన దృఢముగా నమ్మెను. కాని బుడాపెస్టునుండి చూచినచో అమెరికా ఒక మహాసముద్రము దూరము. జర్మనీ గుమ్మములోనే యున్నది.

గుమ్మములో నున్నవాడు వట్టి చేతులతో రాలేదు. 1938 నవంబరులో జర్మనీయు ఇటలీయు తీర్పరులై చెకొస్లొవేకియా దక్షిణ భాగమును హంగెరీకి ఇప్పించిరి. 1939 మార్చిలో కార్పేతియా పర్వతప్రాంతము హంగెరీ వశమాయెను. 1940 ఆగష్టు 30వ తేదీన ఉత్తర ట్రాన్సిల్వేనియా లభించెను. ఇరువది సంవత్సరములు ఏడ్చిన జనులు సంతోషముతో పూలు చల్లిరి. విద్యార్థులారా, వారిని తొందరపడి నిందింపకుడు. పోయిన యిల్లు తిరిగివచ్చిన సంతోషము అది. కాని షాహుకారు నోటు వ్రాయించుకొనకయే యప్పిచ్చినప్పుడు భయపడవలెనని మన పల్లెలలో ముసలివారు ఎరుగుదురు. వాడు అడుగు దినము వచ్చియే తీరును.

1939 ఫిబ్రవరి నుండి హంగెరీ ప్రధానమంత్రి తెలెకి పాల్. ఆయన భూగోళ శాస్త్రజ్ఞుడు. 1921లో అమెరికాకు పోయి విలియమ్సుటవునులో తన దేశ చరిత్రను గూర్చి ఉపన్యాసము లిచ్చినవాడు. పడమటి దేశములు తుదకు గెలుచునని ఆయన మనస్సులో నుండెను. 1939 సెప్టెంబరులో పోలండుపై దండెత్తిన జర్మను సైన్యమునకు హంగెరీ రైలుదారి నియ్య నిరాకరించెను. పారిపోయి వచ్చిన వేలకొలది పోలండు వారికి సరిహద్దులు తెరచెను. అదే తెలెకి ప్రభుత్వము యూదుల జీవనోపాధులను హరించు శాసనమునుకూడ అమలు జరిపెను. ఒకే మనుష్యునియందు ఈ రెండును ఎట్లిమిడినవో నేను చెప్పలేను. ఒకటి చూపి మరియొకటి దాచిన నది చరిత్ర కాదు గనుక రెండింటిని వ్రాసితిని.

పెలేన్యి చేసిన ముఖ్యమైన పని ఇప్పుడు వచ్చుచున్నది. 1939లో యుద్ధమేఘములు క్రమ్ముచుండగా ఆయన తన ప్రభుత్వమునకు రహస్యముగా ఒక సలహా పంపెను. జర్మనీ బలవంతముగా హంగెరీని లోబరచుకొనినయెడల దేశములోపలి ప్రభుత్వము నోరెత్తలేదు. కావున ముందుగనే కొందరు పెద్దలను, కొంత ధనమును పడమటి దేశములకు దాటించి యుంచవలెను. ఆపద వచ్చిన దినమున వారు విదేశమునుండి స్వతంత్ర హంగెరీ పేర మాటలాడుదురు. ఈ యేర్పాటు లేనిచో జర్మనీ నోటిమాటయే హంగెరీ మాట యని లోకము నమ్మును. ఇది ఆయన యోచన. తెలెకి దానిని విన్నాడు. 1940 మొదటి నెలలలో యాబది లక్షల డాలర్లు అమెరికాకు వచ్చి పెలేన్యి సంరక్షణలో చేరినవి.

యాబది లక్షల డాలర్లన్న నా కాలమున సామాన్యమైన ధనము కాదు. దాని సంగతి ఎరిగినవారు ఇరు గట్టుల కలిపి కొద్దిమంది మాత్రమే. బహిరంగముగా లెక్క యడుగువా డెవ్వడును లేడు. అట్టి సొమ్ము నమ్మకముపై మాత్రమే ఒక ఉద్యోగి చేతికి వచ్చుట యెంత భారమో పాఠశాల ఫీజుల పెట్టె తాళము మోసిన గుమాస్తా నడిగినను చెప్పును.

ఆ యోచన ఫలింపలేదు. 1940 మే నెలలో జర్మను సైన్యములు హాలెండును, బెల్జియమును దాటి ఫ్రాన్సులో ప్రవేశించెను. జూన్ నెలలో పారిస్ పట్టుబడెను. పడమటి పక్షము ఇక లేవదని యూరపునందు ననేకులు తలచిరి. రహస్యము బయటపడిన హిట్లరు కోపమునకు గురికావలసివచ్చునని తెలెకి వెనుకకు తగ్గి, ధనమును తిరిగి పంపుమని యాజ్ఞాపించెను. పెలేన్యి దానిని తిరిగి పంపెను. ఆ యాజ్ఞ తప్పని ఆయన తలంచియుండవచ్చును. అయినను సొమ్ము తనది కాదు, దేశముది. ప్రభుత్వముతో అభిప్రాయభేదము వేరు, ప్రభుత్వపు పెట్టె వేరు. తరగతిలో పిల్లలకు ఈ కథ చెప్పవలసివచ్చిన, నేను ఈ చోటనే నిలిచి కొంతసేపు మౌనముగా నుందును.

అప్పు తీర్చు దినము ఆ శరదృతువులోనే వచ్చెను. 1940 నవంబరు 20వ తేదీన వియన్నా నగరములో హంగెరీ జర్మనీ, ఇటలీ, జపానుల త్రైపాక్షిక సంధిలో చేరెను. ఆ మూడు రాజ్యముల తరువాత అందు చేరిన మొదటి దేశము హంగెరీయే. పడమటి దేశములకు ధనము దాటించిన ఆ తెలెకియే అప్పటికిని ప్రధాని. ఈ వార్త వాషింగ్టను చేరినంత పెలేన్యి తన పదవికి రాజీనామా చేసెను. బుడాపెస్టునకు తిరిగిపోక అమెరికాలోనే నిలిచెను.

దీనిని తేలికగా తలపకుడు. ఏబదియైదేండ్ల వయస్సు, జన్మమంతయు చేసిన ఉద్యోగము, పై పదవులపై ఆశ, స్వదేశమునందలి యిల్లు, బంధువులు, మాతృభాష అన్నియు ఒక కాగితముతో వదలుకొనుట. వేరొక విమర్శయు కలదు. దానిని మరుగుపరచుట న్యాయము కాదు. "సురక్షితమైన దేశములో కూర్చుండి రాజీనామా చేయుట సులువు, కొలువులో నుండి లోపలనుండియే కీడును తగ్గించువాడు గొప్పవాడు కాడా?" అని కొందరందురు. ఈ మాటలో కొంత నిజమున్నది. యుద్ధకాలములో పదవులు విడువక దానివలననే ప్రాణములు కాపాడిన రాయబారులును కలరు. 1944లో బుడాపెస్టులో స్విట్జర్లండు, స్వీడను లెగేషనులవారు వేలకొలది యూదులకు రక్షణపత్రము లిచ్చి బ్రతికించిరి. అయితే ఆ లెగేషనులు యుద్ధములో చేరని దేశములవి. పెలేన్యి చేతిలో ఏ పత్రము మిగిలెను? హిట్లరు పక్షమున చేరుట న్యాయమే యని హల్‌తో చెప్పుట తప్ప వానికి వేరు పని యుండెడిది కాదు. ఆ మాటను నమ్మక చెప్పిన రాయబారి మాటను మరుదినమున ఎవరును నమ్మరు. అందుచేత ఆయన చేసినది సరియని నా యభిప్రాయము. ఇంటిలో పెద్దలతో కలిసి చర్చించుకొని మీ యభిప్రాయము మీరు చెప్పవచ్చును.

తెలెకి కథ మరియొక విధముగా ముగిసెను. 1940 డిసెంబరు 12వ తేదీన హంగెరీ యుగోస్లావియాతో శాశ్వత మైత్రి సంధి చేసికొనెను. నాలుగు మాసములు తిరుగకమునుపే జర్మనీ అదే యుగోస్లావియాపై దండెత్తుటకు హంగెరీని తోడు పిలిచెను. 1941 ఏప్రిల్ 3వ తేదీ వేకువను తెలెకి, దేశము తన మాట తప్పినదని హోర్తికి లేఖ వ్రాసి, తుపాకితో ప్రాణము తీసికొనెను. కొలది దినములలో హంగెరీ సైన్యము సరిహద్దు దాటినది. మరణము దేనిని ఆపలేకపోయెను.

1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై బాంబులు వేయగా, హిట్లరు అమెరికాపై యుద్ధము ప్రకటించెను. రెండు దినముల లోపల హంగెరీయు ప్రకటింపవలసి వచ్చెను. దీనిపై హంగెరీయులే కల్పించుకొన్న యొక హాస్యకథ కలదు. యుద్ధప్రకటనము తెచ్చిన హంగెరీ రాయబారిని అమెరికా అధికారి ప్రశ్నలడిగెనట. మీది గణరాజ్యమా? కాదు, రాజ్యము. అయిన రాజెవరు? రాజు లేడు, నౌకాసేనాని యున్నాడు. ఓహో, మీకు గొప్ప నౌకాబలము కలదు కాబోలు? మాకు సముద్రమే లేదు. మాతో మీకు తగవేమి? ఏమియు లేదు, మా తగవంతయు రుమేనియాతో. అయినచో రుమేనియాతో యుద్ధము చేయుచున్నారా? అయ్యో, వారు మా మిత్రపక్షము! ఇది జరిగిన సంగతి కాకపోవచ్చును గాని, తమ దేశపు దురవస్థను చూచి నవ్వుచు ఏడ్చిన జనుల కథ యిది.

ఆ ప్రకటనమును వెంటనే పట్టించుకొనుటకు రూజ్వెల్టు ఇష్టపడలేదు. అమెరికా తిరిగి యుద్ధము ప్రకటించినది 1942 జూన్ నెలలోనే. అటుపిమ్మట జరిగినది క్లుప్తముగా చెప్పెదను. రష్యాలోని డాన్ నది యొడ్డునకు పంపబడిన ఇంచుమించు రెండు లక్షల సైన్యము 1943 జనవరి మంచులో నాశనమాయెను. 1944 మార్చి 19వ తేదీన జర్మనీ తన మిత్రదేశమైన హంగెరీనే ఆక్రమించెను. పెలేన్యి భయపడిన దినము సరిగా అదే. అప్పటికి విదేశములో స్వతంత్ర హంగెరీ పేర మాటలాడు ప్రభుత్వమును లేదు, ధనమును లేదు. ఆ మే 15వ తేదీ మొదలు జూలై 9వ తేదీ వరకు ఎనిమిది వారములలో నాలుగు లక్షల ముప్పదియేడు వేల యూదులను రైళ్లలో ఎక్కించి పంపిరి. వారిలో అధికభాగము ఆష్విట్జులో చంపబడిరి. వారిని రైలెక్కించినవారు హంగెరీ పోలీసులే.

యుద్ధము ముగిసిన తరువాత కొన్ని సంవత్సరములకే హంగెరీ కమ్యూనిస్టుల వశమాయెను. పెలేన్యికి తిరిగిపోవు త్రోవ మూసికొనిపోయెను. ఆయన న్యూహాంషైరు రాష్ట్రమందలి హానోవరు అను చిన్న యూరిలో డార్ట్‌మత్ కళాశాలయందు అధ్యాపకుడై, అమెరికా యువకులకు దేశముల పరస్పర సంబంధములను గూర్చి పాఠములు చెప్పెను. మంత్రులతో మాటలాడిన నోటితో హాజరుపట్టీ చదివిన రాయబారి! మా వృత్తివాడయ్యె గదా యని నాకు లోలోపల కొంత గర్వము.

యాబది లక్షల డాలర్ల రహస్యమును ఆయన చాల కాలము తన మనస్సులోనే యుంచుకొనెను. 1964లో చికాగోనుండి వెలువడు ఒక చరిత్ర పత్రికలో, ఎనుబదియేండ్లకు చేరువైన వయస్సున, తన యోచనయు అది విఫలమైన విధమును వ్యాసముగా వ్రాసి చరిత్రకారుల కప్పగించెను. రెండు సంవత్సరములకు, 1966లో, ఆయన విడిచిపోయిన వాషింగ్టను లెగేషను ఎంబసీ పదవికి హెచ్చింపబడెను. 1974లో ఆయన మరణించునాటికి హంగెరీ రాజుల పవిత్ర కిరీటము, యుద్ధాంతమున అమెరికా సైన్యము చేతికి చిక్కినది, కెంటకీ రాష్ట్రములోని ఫోర్టునాక్సు కోటలో పెట్టెయం దుండెను. 1978 జనవరి 6వ తేదీన అమెరికా విదేశాంగ కార్యదర్శి సైరస్ వాన్సు దానిని విమానముపై తెచ్చి, బుడాపెస్టు పార్లమెంటు భవనమున హంగెరీయులకు తిరిగి యిచ్చెను.